ఇంగ్లిష్ ఇడియమ్స్: అర్థం తెలిసినా వాక్యంలో ఎందుకు తప్పుతున్నాయి?

హన్మకొండ_రీడింగ్‌రూమ్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు ప్రిపేర్ అవుతున్న, అదే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష. నా దగ్గరున్న పీడీఎఫ్‌లో ఇడియమ్స్ అన్నీ ఏ నుంచి జెడ్ దాకా అక్షర క్రమంలో ఉన్నాయి, పక్కన ఒక్క ముక్కలో తెలుగు అర్థం. చదివినంతసేపు వచ్చినట్టే ఉంటది. మాక్ టెస్టులో 'కోల్డ్ ఫీట్', 'కోల్డ్ షోల్డర్', 'కోల్డ్ బ్లడ్' లాంటివి పక్కపక్కన కనబడితే ఏది దేనికో తెలుస్తలేదు.

ఇంకో ఇబ్బంది ఏందంటే, ఇంటర్వ్యూల కోసం ఇవి మాటల్లో కూడా వాడాలని ఉంది. కింద ఐదు వాక్యాలు రాసిన. అర్థం ప్రకారం సరిపోయినట్టే ఉన్నా ఏదో తేడా కొడుతున్నది. తెలిసినవాళ్లు జర చూసి చెప్పండి.

1. 'మై ఫ్రెండ్ గేవ్ మి హ్యాండ్, సో ఐ లాస్ట్ ద జాబ్.'
2. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021.'
3. 'హి ఈజ్ పుల్లింగ్ వన్స్ లెగ్ టు స్టాప్ మై ప్రమోషన్.'
4. 'అవర్ ఓల్డ్ టీచర్ కిక్డ్ ద బకెట్. వి ఆర్ వెరీ సారీ.'
5. 'మై జాబ్ ఈజ్ ఎ బెడ్ ఆఫ్ రోజెస్.'

కాజీపేట_ఇంగ్లిష్ మేడం

ముందు మీ పీడీఎఫ్ సంగతి. అక్షర క్రమం నిఘంటువుకు పనికొస్తుంది, నేర్చుకోవడానికి పనికిరాదు. 'బైట్ ద బులెట్', 'బైట్ ద డస్ట్', 'బైట్ ద హ్యాండ్ దట్ ఫీడ్స్ యూ' వరుసగా చదివితే మూడూ ఒకే మూటలో పడతాయి. పరీక్షలో 'బైట్' కనిపించగానే మూడు అర్థాలూ కలిసి బయటికొస్తాయి. ఒకేలా ఉండేవాటిని ఒకేరోజు మొదటిసారి చదవొద్దు. ఒకటి బాగా స్థిరపడ్డాక, వారం తర్వాత రెండోది తీసుకోండి. గట్టిగా ఉండి కష్టాన్ని భరించడం మొదటిది. ఓడిపోవడం, కూలిపోవడం రెండోది. మూడోదానికి మన దగ్గర 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' ఉండనే ఉంది.

రెండో విషయం, ఇడియంను సగం నుంచి రాసుకోవద్దు. 'కోల్డ్ ఫీట్ = భయం' అని రాసుకోవడం వల్లే ఈ గందరగోళమంతా. క్రియతో సహా రాస్తే మూడింటికీ మూడు దారులు కనబడతాయి:

'గెట్ కోల్డ్ ఫీట్': ముందు సరేనని, తీరా సమయానికి జంకి వెనక్కి తగ్గడం. ఇది మనిషి లోపల జరిగేది, ఎదుటి మనిషి అక్కర్లేదు. 'ఫీట్' ఎప్పుడూ బహువచనమే.

'గివ్ సమ్‌వన్ ద కోల్డ్ షోల్డర్': కావాలని పట్టించుకోకపోవడం, ముభావంగా ఉండడం. 'గివ్' ఉంది కాబట్టి ఎవరికో ఇవ్వాలి, రెండో మనిషి తప్పనిసరి.

'ఇన్ కోల్డ్ బ్లడ్': జాలి లేకుండా, ముందే అనుకుని. చంపడం, కాల్చడం లాంటి క్రియల పక్కనే ఎక్కువగా వస్తుంది.

'కోల్డ్ షోల్డర్' కింద గీత గీసిన వాక్యంలో ఇద్దరు మనుషులుంటారు. అది చూస్తే చాలు, 'భయపడి వెనక్కి తగ్గడం' అన్న ఆప్షన్ తీసి పక్కన పెట్టొచ్చు.

ఇక తెలుగువాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలే చోట్లు.

ఆర్టికల్స్ (ఎ, ఆన్, ద). తెలుగులో అవి లేవు కాబట్టి మన చెవి వాటిని వదిలేస్తుంది. 'హిట్ ద నెయిల్ ఆన్ ద హెడ్'లో 'ద' రెండుసార్లు ఉండాలి. 'ఎ పీస్ ఆఫ్ కేక్', 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్', 'టర్న్ ఎ డెఫ్ ఇయర్ టు' అన్నిట్లో 'ఎ' ఉండాలి. 'ఇన్ హాట్ వాటర్', 'ఎట్ లాగర్‌హెడ్స్ విత్' వాటిలో ఏదీ ఉండకూడదు. కొన్నిచోట్ల ఆ చిన్న ముక్కే అర్థాన్ని తిప్పేస్తుంది. 'అవుట్ ఆఫ్ ద క్వశ్చన్' అంటే అసాధ్యం, ఆ మాటే లేదు అని. 'ద' తీసేసి 'అవుట్ ఆఫ్ క్వశ్చన్' అంటే పాత వాడుకలో సందేహమే లేదు అని. ఈ రెండోది ఇప్పుడు బయట ఎవరూ పెద్దగా అనరు, మన దగ్గరి పాత గ్రామర్ పుస్తకాల్లో మాత్రం జంటగా కనిపిస్తుంది. అలాగే 'ఇన్ ద బ్లాక్' అంటే లాభాల్లో ఉండడం. దీన్ని నల్లధనం అనుకుని ఆప్షన్ పెట్టేవాళ్లు మస్తుమంది. నష్టాల్లో ఉంటే 'ఇన్ ద రెడ్'. 'ఇన్ బ్లాక్ అండ్ వైట్' అంటే రాతపూర్వకంగా అని, దానికి లాభనష్టాలతో సంబంధం లేదు.

'వన్స్', 'సమ్‌వన్స్' తేడా. ఇక్కడ 'వన్స్' అంటే one's, 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'లోని once కాదు. డిక్షనరీలో ఈ రెండూ ఊరికే పెట్టరు. 'వన్స్' అని ఉంటే అది వాక్యంలోని కర్తదే: 'బ్లో వన్స్ ఓన్ ట్రంపెట్', 'కీప్ వన్స్ ఫింగర్స్ క్రాస్డ్'. 'సమ్‌వన్స్' అని ఉంటే వేరే మనిషిది: 'పుల్ సమ్‌వన్స్ లెగ్', 'గెట్ ఆన్ సమ్‌వన్స్ నర్వ్స్'. వాక్యం రాసేటప్పుడు ఆ మాట తీసేసి మై, హిజ్, హర్, దెయిర్‌లలో సరిపడేది పెట్టాలి. మీ మూడో వాక్యంలో 'వన్స్'ను అలాగే వదిలేశారు. అందులో ఇంకో తప్పు కూడా ఉంది, దాన్ని ఇక్కడ ఎవరో ఒకరు పట్టుకుంటారు.

కాదు, లేదు అన్న వాక్యాల్లోనే బతికే ఇడియమ్స్. మీ ఐదో వాక్యం ఇదే. 'బెడ్ ఆఫ్ రోజెస్' మామూలుగా 'నాట్'తోనే వస్తుంది: 'లైఫ్ ఈజ్ నాట్ ఎ బెడ్ ఆఫ్ రోజెస్'. నా ఉద్యోగం పూలపాన్పు అని చెప్పాలంటే ఇది వాడరు, 'మై జాబ్ ఈజ్ ఈజీ' అంటే సరిపోతుంది. 'లిఫ్ట్ ఎ ఫింగర్', 'హోల్డ్ వాటర్' (వాదన నిలబడడం), 'స్లీప్ ఎ వింక్' (కునుకు తీయడం), 'సమ్‌వన్స్ కప్ ఆఫ్ టీ' (ఒకరికి నచ్చేది) కూడా దాదాపు ఈ జాతే. తెలుగులోనూ ఇంతే కదా. 'పుల్ల తీసి పక్కన పెట్టడు' అంటాం గానీ, పనిమంతుణ్ని చూసి 'పుల్ల తీసి పక్కన పెడతాడు' అనం. 'డిడ్ నాట్ లిఫ్ట్ ఎ ఫింగర్' పక్కన ఆ మాటే రాసుకోండి, ఇక మర్చిపోరు.

కదపగలిగినవి, కదపలేనివి. 'స్పిల్ ద బీన్స్'లో 'బీన్స్' అంటే రహస్యం, 'స్పిల్' అంటే బయటపెట్టడం అని ముక్కముక్కకూ అర్థం పంచుకోవచ్చు. అందుకే 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అన్నా నడుస్తుంది. 'ద ఐస్ వాజ్ బ్రోకెన్' కూడా అంతే. 'కిక్ ద బకెట్'లో బకెట్టుకు విడిగా అర్థం లేదు. 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే నిజంగానే ఎవరో బకెట్టును తన్నారని. 'హి ఈజ్ కికింగ్ ద బకెట్' కూడా వాడుకలో లేదు.

నాలుగో వాక్యంలోని అసలు ప్రమాదం వ్యాకరణం కాదు. 'కిక్ ద బకెట్' సరదా మాట, అది కూడా కాస్త మొరటు సరదా. సంతాపంలో వాడితే చనిపోయిన మనిషిని ఎగతాళి చేసినట్టవుతుంది. 'పాస్డ్ అవే' అని రాయండి. ప్రతి ఇడియం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేసుకోవాలి: ఎక్కడైనా చెల్లేది, మాటల్లో మాత్రమే చెల్లేది, పరిచయస్తుల దగ్గరే చెల్లేది. 'అండర్ ద వెదర్' మాటల్లో బాగుంటుంది, లీవ్ లెటర్లో బాగుండదు. అక్కడ జ్వరమైతే జ్వరమనే రాయాలి.

నోట్సులో ఒక్కో ఇడియంకు ఐదు గీతలు సరిపోతాయి: క్రియతో సహా పూర్తి రూపం, తెలుగు అర్థం, దగ్గరి తెలుగు జాతీయం ఉంటే అది, ఒక సొంత వాక్యం, ఎక్కడ వాడకూడదో. రోజుకు ఐదుకు మించొద్దు. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు తిరగేయాలి. తిరగేసేటప్పుడు ఇంగ్లిష్ చూసి తెలుగు చెప్పడం పరీక్షకు సరిపోతుంది. తెలుగు చూసి ఇంగ్లిష్ చెప్పగలిగితేనే మాటల్లోకి వస్తుంది. ఈ రెండో పని అన్నింటికీ చేయనక్కర్లేదు. గుర్తుపట్టాల్సినవి వందల్లో ఉంటాయి, వాడాల్సినవి నలభై యాభైకి మించవు.

గోదావరిఖని_నైట్ షిఫ్ట్

మేడం మంచిగ చెప్పిన్రు. తమ్మీ, నీ మొదటి మూడు వాక్యాల రోగం వేరే ఉన్నది. అవి తెలుగుల పుట్టి ఇంగ్లిష్ అంగీ తొడుక్కున్నయి.

మొదటిది. మన దిక్కు 'వాడు హ్యాండిచ్చిండు' అంటే నమ్మించి ముంచిండని. ఇంగ్లిష్‌ల 'గేవ్ మి ఎ హ్యాండ్' అంటే సాయం చేసిండని. పూరా ఉల్టా. నీ వాక్యం చదివినోడు 'సాయం చేస్తే ఉద్యోగం ఎట్ల పోయింది?' అని పరేషాన్ అయితడు. నువ్వు అనాల్సింది 'మై ఫ్రెండ్ లెట్ మి డౌన్'. సాయం చేసిండని చెప్పేటప్పుడు 'ఎ' మర్చిపోకు.

రెండోది. 'పాస్డ్ అవుట్ ఇన్ 2021' అంటే మన కాలేజీలల్ల అందరికీ తెలుసు. ఇండియా దాటినంక 'పాస్ అవుట్' అంటే స్పృహ తప్పి పడిపోవుడు. బ్రిటిష్ ఇంగ్లిష్‌ల సైన్యం, పోలీసు శిక్షణ పూర్తయినప్పుడు 'పాసింగ్ అవుట్ పరేడ్' అనే మాట ఉన్నది గని, డిగ్రీకి 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021' అనుడే మంచిది. ఇక్కడి ఇంటర్వ్యూల ఎవరూ ఏమనరు, అమెరికా క్లయింటు తోని కాల్‌ల మాత్రం జర చూసుకోవాలె.

మూడోది అసలైన ముచ్చట. ఎదిగేటోన్ని కాళ్లు పట్టి కిందికి గుంజుడు అన్న అర్థంల మనం 'లెగ్ పుల్లింగ్' వాడుతం. అసలు 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అంటే సరదాకు అబద్ధం చెప్పి ఆటపట్టిచ్చుడు, గంతే. పగ లేదు, ప్రమోషన్ ఆపుడు లేదు. 'ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?' అంటే 'నాతోని మజాక్ చేస్తున్నవా?' అని. నీ వాక్యానికి 'హి ఈజ్ ట్రయింగ్ టు బ్లాక్ మై ప్రమోషన్' అంటే చాలు. అన్ని దిక్కుల ఇడియం ఇరికియ్యాల్నని ఏం లేదు.

గిసుంటివే ఇంకొన్ని చూడు. 'బుర్ర తింటున్నడు'ను 'హి ఈజ్ ఈటింగ్ మై బ్రెయిన్' అంటే బయటోడు బుగులు పడుతడు. 'హి ఈజ్ డ్రైవింగ్ మి అప్ ద వాల్' అనాలె. 'చేతులెత్తేసిండు'ను 'హి రెయిజ్డ్ హిజ్ హ్యాండ్' అంటే క్లాసుల ప్రశ్న అడుగుతున్నడనుకుంటరు. దానికి 'హి గేవ్ అప్' సాఫ్ ఉన్నది. 'చేతులు దులుపుకున్నడు'కు మాత్రం 'వాష్డ్ హిజ్ హ్యాండ్స్ ఆఫ్ ఇట్' బరాబర్ సరిపోతది. 'ముక్కుసూటి మనిషి'ని 'నోజీ' అన్నవనుకో, కయ్యమే. 'నోజీ' అంటే అందరి ఇంట్ల వంగి చూసేటోడు.

'తలకెక్కుడు' సగం కలుస్తది, సగం కలువది. 'సక్సెస్ వెంట్ టు హిజ్ హెడ్' అంటే గర్వం తలకెక్కిందని, ఇది కుదిరింది. 'పాఠం తలకెక్కుత లేదు' అన్నదానికి మాత్రం అది పనిచెయ్యది.

ఇగ పక్కా జోడీలు. వీటిని ఒకసారి చూస్తే చాలు, బట్టీ అక్కర్లేదు. 'బ్లో వన్స్ ఓన్ ట్రంపెట్' సొంత డబ్బా. 'నిప్ ఇన్ ద బడ్' మొగ్గలోనే తుంచుడు. 'టర్న్ ఎ డెఫ్ ఇయర్' పెడచెవిన పెట్టుడు. 'యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్' అగ్నికి ఆజ్యం. 'మేక్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్' గోరంతలు కొండంతలు చేసుడు. 'ఎ డ్రాప్ ఇన్ ద ఓషన్' సముద్రంల కాకిరెట్ట. 'బీట్ అబౌట్ ద బుష్' డొంకతిరుగుడు; ఇంగ్లిషోడు కూడా ఆ డొంక చుట్టే తిరిగిండు. 'లాక్ ద స్టేబుల్ డోర్ ఆఫ్టర్ ద హార్స్ హాజ్ బోల్టెడ్' అంటే చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'కు అమావాస్యకో పున్నానికో అన్న మాట ఉన్నది. ఒకే ఇంగ్లిష్ నెలల రెండో పున్నమి వస్తే దాన్ని బ్లూ మూన్ అంటున్నరు, సుమారు రెండున్నర ఏండ్లకు పైన పడుతది. 2023 ఆగస్టుల గట్లనే రెండొచ్చినయి, ఒకటి అధిక శ్రావణ పున్నమి, ఇంకోటి రాఖీ పున్నమి. వాక్యంల మాత్రం లెక్క చూడరు, చాన అరుదుగ అని అంతే.

'క్యారీ కోల్స్ టు న్యూకాజిల్' పరీక్షలల్ల వస్తది. న్యూకాజిల్ ఇంగ్లండ్‌ల బొగ్గు ఎగుమతి చేసిన రేవు పట్నం. ఉన్నకాడికే మళ్ల అదే మోసుకపోవుడు, అంటే దండుగ పని. మా దిక్కోళ్లకు విప్పి చెప్పే అవసరమే లేదు, సింగరేణికి బొగ్గు పంపినట్టు.

నర్సంపేట_కట్ఆఫ్

పరీక్ష లెక్క నేను చెప్తా. సీజీఎల్ టైర్ 1 (మొదటి దశ)లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పుకు అర మార్కు కోత. టైర్ 2 పేపర్ 1లో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఆ సిలబస్‌లో ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్ అని పేరు పెట్టి ఉంది.

తెలియని ఇడియం వస్తే గుడ్డిగా పెట్టాలా వద్దా? నాలుగు ఆప్షన్లలో ఏదీ తీసేయలేకపోతే టైర్ 1లో సగటున ప్రశ్నకు 0.125 మార్కు కలుస్తుంది, టైర్ 2లో సరిగ్గా సున్నా. ఒక ఆప్షన్ తీసేయగలిగితే రెండింట్లోనూ 0.33. రెండు తీసేస్తే టైర్ 1లో 0.75, టైర్ 2లో 1. కాబట్టి ఒక్కటైనా కచ్చితంగా కాదని తేలితే వదలొద్దు. టైర్ 2లో ఏమీ తేలకపోతే ముందుకు పోండి, సమయమన్నా మిగులుతుంది.

తీసేయడం ఎట్ల? మాటకు మాట అర్థం ఇచ్చే ఆప్షన్ మొదట అనుమానించాలి. 'స్మెల్ ఎ ర్యాట్' (ఏదో మోసముందని అనుమానించడం) కింద 'దుర్వాసన రావడం' అని ఉంటే అది వలే. తర్వాత వాక్యం మంచి చెప్తుందా చెడు చెప్తుందా చూడండి. 'ఎ ఫెదర్ ఇన్ హిజ్ క్యాప్' ఉన్న వాక్యంలో బహుమతి, గెలుపు కనబడతాయి, 'అవమానం' ఆప్షన్ పోతుంది. చివరగా వ్యాకరణం: గీత గీసిన ముక్క క్రియ అయితే జవాబు కూడా ఆ స్థానంలో పెట్టి చదివితే అతకాలి.

రైల్వే ఎన్టీపీసీ ఒక్కటే రాసేవాళ్లు ఈ చర్చ పక్కన పెట్టుకోవచ్చు, ఆ కంప్యూటర్ పరీక్షలో (సీబీటీ) ఇంగ్లిష్ విభాగమే లేదు. జనరల్ అవేర్‌నెస్, మ్యాథ్స్, రీజనింగే.

పరకాల_పాతపుస్తకాలు

ఇడియం వెనకున్న కథ తెలిస్తే ఇంత నోట్సు అక్కర్లేదు కదా? 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' చూడండి. పూర్వం ఇంగ్లండ్‌లో గడ్డి కప్పుల మీద కుక్కలు, పిల్లులు పడుకునేవట, వానకు జారి కింద పడేవట. ఒకసారి వింటే మరచిపోం.

కాజీపేట_ఇంగ్లిష్ మేడం

మరచిపోం, నిజమే. కానీ ఆ గడ్డికప్పు కథకు ఆధారం లేదు. 1999 ప్రాంతంలో ఈమెయిల్ ఫార్వర్డుల్లో తిరిగిన కథల మూటలోది అది. పైగా ఆ ఇడియం ఇప్పుడు మాటల్లో పాతబడింది, కుండపోతగా కురుస్తుంటే 'ఇట్స్ పోరింగ్' అంటారు. పరీక్షకు అర్థం తెలిస్తే చాలు.

అయితే కథే అర్థమైన ఇడియమ్స్ కొన్ని ఉన్నాయి, అక్కడ మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పరీక్షల్లో ఇష్టంగా ఇచ్చేవి కూడా అవే.

'హాబ్సన్స్ చాయిస్': థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చేవాడు, 1631లో చనిపోయాడు. తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలి, లేదంటే ఏదీ లేదు. అంటే ఎంపికే లేని ఎంపిక. చాలామంది 'రెండు కష్టాల మధ్య ఎంచుకోవడం' అని పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. అది 'డైలెమా'. మన 'ముందు నుయ్యి వెనుక గొయ్యి' దానికి దగ్గర, హాబ్సన్‌కు కాదు.

'మీట్ వన్స్ వాటర్లూ': 1815 జూన్ 18న నెపోలియన్ వాటర్లూలో ఓడిపోయాడు, తర్వాత మళ్లీ లేవలేదు. గెలుస్తూ వచ్చినవాడికి ఎదురైన ఆఖరి ఓటమి. మామూలు ఓటములకు వాడితే బరువు ఎక్కువైపోతుంది.

'క్రాస్ ద రూబికాన్': క్రీ.పూ. 49లో సీజర్ సైన్యంతో రూబికాన్ నది దాటాడు, అది తిరుగుబాటుతో సమానం. ఇక వెనక్కి రాలేని అడుగు.

'పిరిక్ విక్టరీ': క్రీ.పూ. 279లో ఎపిరస్ రాజు పిరస్ రోమన్ల మీద గెలిచాడు గానీ, ఆ గెలుపు కోసం తన సైన్యంలో చాలా భాగాన్ని పోగొట్టుకున్నాడు. గెలిచీ ఓడినట్టు. ఇక్కడ వల ఆప్షన్ 'సులభమైన విజయం'.

'ఎకిలీజ్ హీల్': బలవంతుడి ఒంట్లో ఒకేఒక్క బలహీనమైన చోటు. గాంధారి చూపు సోకని దుర్యోధనుడి తొడ గుర్తు చేసుకుంటే చాలు.

'ఎట్ ది ఎలెవెంత్ అవర్': బైబిల్‌లో మత్తయి సువార్త 20వ అధ్యాయం. పొద్దు పొడిచినప్పటి నుంచి పన్నెండు గంటల లెక్కన పదకొండో గంట అంటే సాయంత్రం ఐదు దగ్గర, కూలి పని ముగిసే వేళ. అందుకే ఆఖరి క్షణం. రాత్రి పదకొండు కాదు.

'ది ఆపిల్ ఆఫ్ సమ్‌వన్స్ ఐ': కంటిపాపనే పాత ఇంగ్లిష్‌లో 'ఆపిల్' అన్నారు. మన 'కంటిపాపలా చూసుకోవడం' పక్కన పెడితే బొమ్మ ఒక్కటే.

కథ నిజమా కాదా తేల్చుకునే ఓపిక లేకపోతే, మంచి డిక్షనరీలో ఆ ఇడియం కింద మూలం ఇచ్చారేమో చూడండి. ఇవ్వకపోతే వదిలేయండి.

హన్మకొండ_రీడింగ్‌రూమ్

చాన థ్యాంక్స్ మేడం, అన్నా. ఇంకోటి. ఆఫీసు ఈమెయిల్స్, ఇంటర్వ్యూలలో వాడదగ్గవి ఏవి? ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసే దోస్తు ఒకడు స్పీకింగ్‌లో నిమిషానికో ఇడియం పెట్టాలంటున్నడు, నిజమేనా?

మడికొండ_ఐటీ డెస్క్

ఐఈఎల్‌టీఎస్ ముందు. స్పీకింగ్‌లో పదసంపదకు 7 బ్యాండ్ (స్కోరు) కొలమానంలో తక్కువగా వినిపించే మాటలు, ఇడియమాటిక్ మాటలు కొన్ని వాడాలని ఉంది. దాన్ని మనవాళ్లు 'ఇడియమ్స్ ఎన్ని పెడితే అంత బ్యాండ్' అని చదువుకుంటున్నారు. అక్కడ ఇడియమాటిక్ అంటే పిల్లులు, కుక్కలు, బకెట్లు ఒక్కటే కాదు. 'రన్ ఇంటు సమ్‌వన్', 'కట్ డౌన్ ఆన్ షుగర్', 'హెవీ ట్రాఫిక్' లాంటి సహజమైన జతలు కూడా లెక్కలోకి వస్తాయి. సందర్భానికి, స్థాయికి తగ్గట్టు వాడుతున్నారా అన్నదీ చూస్తారు. నిమిషానికొకటి పెడితే బట్టీ పట్టినట్టు వెంటనే తెలిసిపోతుంది. రైటింగ్ టాస్క్ 2 వ్యాసంలో బొమ్మ కట్టే ఇడియమ్స్ అసలు వద్దు.

ఆఫీసులో అర్థం కావాల్సినవి, వాడినా ఇబ్బంది లేనివి: 'ఆన్ ద సేమ్ పేజ్' (ఒకే అవగాహనతో ఉండడం), 'కీప్ మి ఇన్ ద లూప్' (విషయం నాకూ తెలియజేస్తూ ఉండండి), 'ఎ బాల్‌పార్క్ ఫిగర్' (ఉజ్జాయింపు అంకె), 'టచ్ బేస్ విత్' (ఒకసారి మాట్లాడుకోవడం, దీనికి ఆర్టికల్ లేదు), 'కాల్ ఇట్ ఎ డే' (ఇవాళ్టికి పని ఆపడం). 'హెడ్స్-అప్' అంటే ముందస్తు సమాచారం, ఒక్క విషయం చెప్పినా 'ఎ హెడ్స్-అప్' అనే అనాలి, 'హెడ్-అప్' కాదు.

ఫ్రెషర్‌కు ఇంటర్వ్యూలో పనికొచ్చేది 'లెర్న్ ద రోప్స్', పని మెళకువలు నేర్చుకోవడం. 'ఐ వుడ్ లైక్ టు లెర్న్ ద రోప్స్ ఫస్ట్' అంటే వినయంగా ఉంటుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ అనకూడనిది 'ఐ కట్ కార్నర్స్'. దగ్గరి దారిలో త్వరగా పూర్తిచేస్తానని మనవాళ్లు అనుకుంటారు, దాని అర్థం నాణ్యత వదిలేసి చుట్టబెట్టేస్తానని.

'టేబుల్' అన్న క్రియ దగ్గర ఆగి ఆలోచించాలి. బ్రిటన్‌లో, మన పార్లమెంటు వార్తల్లో 'టేబుల్' చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో సరిగ్గా ఎదురు, పక్కన పెట్టేయడం. అమెరికా టీమ్ 'లెట్స్ టేబుల్ దిస్' అంటే ఆ విషయం ఇవాళ మాట్లాడరన్నమాట. మీరు చర్చ పెట్టమని అడగాలంటే 'లెట్స్ డిస్కస్ దిస్' అనండి, ఎటూ తప్పుపోదు.

'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్' మన పుస్తకాల్లో ముక్కుసూటితనానికి మామూలుగా ఉంటుంది. అమెరికాలో 'స్పేడ్' నల్లజాతివాళ్లను తిట్టే మాటగా కూడా వాడారు కాబట్టి అక్కడ చాలామంది ఈ ఇడియం జోలికి పోరు. పరీక్షలో జవాబు పెట్టండి, కాల్‌లో వద్దు.

'బ్రేక్ ఎ లెగ్' స్టేజీ ఎక్కబోయేవాళ్లకు 'బాగా చెయ్యి' అని చెప్పే మాట. ఆపరేషన్‌కు పోతున్న మనిషికో, బైకు రేసుకు పోతున్నవాడికో పెట్టకండి.

గోదావరిఖని_నైట్ షిఫ్ట్

తమ్మీ, నీ ఐదు వాక్యాలు ఒక్కకాడ పెడుతున్న, నోట్సుల రాసుకో: 'మై ఫ్రెండ్ లెట్ మి డౌన్, సో ఐ లాస్ట్ ద జాబ్.' 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021.' 'హి ఈజ్ ట్రయింగ్ టు బ్లాక్ మై ప్రమోషన్.' 'అవర్ ఓల్డ్ టీచర్ పాస్డ్ అవే. వి ఆర్ డీప్లీ సాడెన్డ్.' 'మై జాబ్ ఈజ్ ఈజీ.' నాలుగో దాంట్ల 'ఓల్డ్ టీచర్' అంటే ముసలి టీచరా, ఎనుకట చదువు చెప్పిన టీచరా తెల్వది. 'ఫార్మర్ టీచర్' అని రాస్తే సాఫ్ ఉంటది.